బుల్లెట్ పొడుగెంత, గొట్టంలో మెలికెంత

(డాలస్ శివారులో తెలుగు మిత్రుల నెలవారీ కూడికలో ఒక మెకానికల్ ఇంజనీర్ ఇచ్చిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసకి వినిపిస్తోందా? సరే.

ముందు ఈ కాగితం చూడండి. చూసి పక్కవాళ్లకి ఇవ్వండి, కానీ చివరికి నాకు తిరిగి రావాలి. చాలా ఏళ్లుగా దాచుకున్నాను. వంద గజాల దూరంలో పెట్టి కాల్చిన టార్గెట్ ఇది. పది తూటాలు కాల్చాను. కాగితం మీద ఆరు కన్నాలే ఉన్నాయి. మిగతా నాలుగూ ఎటు పోయాయో వెనకున్న మట్టికట్టకే తెలియాలి. ఆ ఆరింట్లో ఒక్కటైనా గుండ్రంగా ఉందా? లేదు. బుల్లెట్‌ని పక్కకి పడుకోబెట్టి కాగితం మీద అచ్చు గుద్దినట్టు ఉంటుంది. ఇక్కడి షూటర్లు దీన్ని కీహోల్ అంటారు. తాళం కన్నం. బుల్లెట్ ముక్కు ముందుకి పెట్టుకుని వెళ్లాల్సింది పోయి, పల్టీలు కొడుతూ వెళ్లి అడ్డంగా తగిలింది.

ఇదెలా జరిగిందో చెబుతాను. నేను కొత్తగా షూటింగ్ మొదలుపెట్టిన రోజులు. ఒక కొట్లో పాత బోల్ట్ యాక్షన్ రైఫిల్ కొన్నాను, ప్రతిసారీ చేత్తో బోల్ట్ లాగి తూటా ఎక్కించే రకం, .223 క్యాలిబర్. కౌంటర్ దగ్గరున్న కుర్రాడు "బరువైన బుల్లెట్ తీసుకోండి, గాలికి తక్కువ కొట్టుకుపోతుంది" అన్నాడు. అది నిజమే. అబద్ధం చెప్పలేదు పాపం. 77 గ్రెయిన్ల తూటాలు ఒక పెట్టె కొనుక్కుని రేంజ్‌కి వెళ్లాను. ఫలితం మీ చేతుల్లో ఉంది.

మొదట స్కోపు వదులైందనుకున్నాను. స్క్రూలు బిగించాను. తర్వాత నా చెయ్యి వణుకుతోందనుకున్నాను. అసలు నాకు ఈ విద్య రాదేమో అనుకున్నాను. పక్క బల్ల మీద కాలుస్తున్న ఒక పెద్దాయన కాసేపు చూసి, బైనాక్యులర్స్ దించి ఒకటే అడిగాడు: "దీని ట్విస్ట్ ఎంత?" నేను తెల్లమొహం వేశాను. ఆయన తన క్లీనింగ్ రాడ్ తెచ్చి అక్కడే కొలిచాడు. పన్నెండు అంగుళాలకి ఒక చుట్టు. "ఈ రైఫిల్ 55 గ్రెయిన్ల కాలంలో పుట్టింది, నువ్వు దానికి 77 పెడుతున్నావు" అని నవ్వాడు. ఆ రోజు నుంచి పట్టుకున్న పిచ్చి ఇది. ఇవాళ మీ నెత్తిన రుద్దుతున్నాను. (నవ్వులు)

రెండు మూడు మాటలు ముందే తేల్చుకుందాం. తూటా అంటే మొత్తం: ఇత్తడి గొట్టం, మందు, వెనక ఆ మందుకి నిప్పు పెట్టే ప్రైమర్, పైన బుల్లెట్. ఎగిరేది బుల్లెట్ ఒక్కటే. నేను బరువు అన్నప్పుడల్లా దాని బరువే. దాన్ని గ్రెయిన్లలో చెబుతారు. గ్రెయిన్ అంటే గింజే, ఒకప్పటి బార్లీ గింజ ఎత్తు. మన కంసాలులు బంగారాన్ని గురివింద గింజలతో తూచేవాళ్లు కదా, అదే పద్ధతి. పౌనుకి 7000 గ్రెయిన్లు, గ్రాముకి పదిహేనున్నర. 55 గ్రెయిన్లంటే మూడున్నర గ్రాములు. గురివింద గింజల లెక్కలో ఓ ముప్ఫై. 77 అంటే ఐదు గ్రాములు. ఇంత చిన్న వస్తువు గురించి గంటసేపు మాట్లాడతారా అని మా ఆవిడ అడిగింది. మాట్లాడొచ్చు.

ఇక ట్విస్ట్. రైఫిల్ గొట్టం లోపల నున్నగా ఉండదు, మెలి తిరిగిన గాడులు ఉంటాయి. బుల్లెట్ ఆ గాడుల్లో బిగుసుకుని, తిరుగుతూ బయటికొస్తుంది. ఎన్ని అంగుళాలకి ఒక పూర్తి చుట్టు తిరిగితే అదే ట్విస్ట్. 1:12 అంటే పన్నెండు అంగుళాలకి ఒకటి, 1:7 అంటే ఏడు అంగుళాలకే ఒకటి. ఇక్కడ కొత్తవాళ్లు తికమక పడతారు. అంకె చిన్నదైతే మెలిక గట్టిది, తిరుగుడు ఎక్కువ.

ఎందుకు తిరగాలి? మన దీపావళి తారాజువ్వ గుర్తు తెచ్చుకోండి. దానికి పుల్ల వెనక ఉంటుంది. పుల్ల విరిగిన జువ్వని వెలిగిస్తే ఏమవుతుందో మనలో చాలామంది చూసే ఉంటారు. మా వీధిలో ఒకసారి అది ఎదురింటి వరండాలోకి వెళ్లింది. బాణానికి ఈకలు వెనకే, జువ్వకి పుల్ల వెనకే. గాలి వెనక భాగాన్ని లాగి పట్టుకుంటే ముక్కు ముందుకే ఉంటుంది. బుల్లెట్ అందుకు పూర్తిగా తిరకాసు. సన్నటి ముక్కు ముందు, బరువైన పిర్ర వెనక. గాలి తోపు కేంద్రం ముందుంటుంది, బరువు కేంద్రం వెనకుంటుంది. అంటే గాలి ఎప్పుడూ దాన్ని వెనక్కి తిప్పేయాలనే చూస్తుంది. ఈక పెట్టడానికి వీల్లేదు కాబట్టి తిప్పుతాం.

బొంగరం సంగతీ అంతే. ఊరికే నిలబెడితే పడిపోతుంది, తాడు చుట్టి విసిరితే నిలబడుతుంది. చిన్నప్పుడు మా ఊళ్లో వడ్రంగి బొంగరాలు చేసేవాడు. పొట్టి బొంగరం ఒకటి, బారు బొంగరం ఒకటి ఉండేవి నా దగ్గర. బారుది చూడ్డానికి బాగుండేది కానీ కాస్త చెయ్యి తగ్గిందా, వెంటనే ఊగిపోయేది. పొట్టిది మాత్రం పిల్లలు ఎలా విసిరినా తిరిగేది. పొడుగైన వస్తువుని నిలబెట్టాలంటే ఎక్కువ తిప్పాలి. ఇవాళ్టి ప్రసంగం మొత్తం ఆ బారు బొంగరం గురించే అనుకోండి.

కానీ బొంగరానికీ బుల్లెట్‌కీ ఒక తేడా ఉంది, అది నాకు చాలా నచ్చుతుంది. బొంగరం పోనుపోను నీరసపడి పడిపోతుంది. బుల్లెట్ పోనుపోను ఇంకా నిలకడగా అవుతుంది. ముందుకెళ్లే వేగం గాలి వల్ల గబగబా తగ్గిపోతుంది, తిరిగే వేగం మాత్రం నెమ్మదిగా తగ్గుతుంది. గాలి పడదోసే బలం వేగం మీద ఆధారపడింది కాబట్టి అది తగ్గుతూ వస్తుంది, నిలబెట్టే తిరుగుడు మిగిలే ఉంటుంది. ధ్వనివేగం దగ్గరికి పడిపోయినప్పుడు మళ్లీ ఒక కుదుపు ఉంటుంది, అది వేరే సంగతి. మామూలు దూరాల్లో అసలు గండం గొట్టం మూతి దగ్గరే. అక్కడ చాలినంత తిరుగుడు ఉంటే గట్టెక్కినట్టే.

ఎంత తిరుగుతుందో లెక్క చూద్దాం, సరదాగా. సెకనుకి మూడు వేల అడుగుల వేగం, 1:7 మెలిక. అడుగులని అంగుళాలు చేసి ఏడుతో భాగించి అరవైతో గుణిస్తే నిమిషానికి మూడు లక్షల ఎనిమిది వేల చుట్లు. ఇంట్లో మిక్సీని మూడో నంబరు మీద పెట్టి ఖాళీగా తిప్పితే ఇరవై వేలకి అటూ ఇటూ. అంటే పదిహేను మిక్సీలంత.

ఇంక అసలు విషయం. ఏ బుల్లెట్‌కి ఎంత మెలిక కావాలి? దీనికి మొదటి సులువు సూత్రం చెప్పినాయన సర్ ఆల్‌ఫ్రెడ్ జార్జ్ గ్రీన్‌హిల్, ఇంగ్లండ్‌లోని వూలిచ్‌లో ఫిరంగి దళం అధికారులకి లెక్కలు చెప్పిన ప్రొఫెసర్. 1879 నాటిది. బుల్లెట్ వ్యాసాన్ని వర్గం చెయ్యండి, 150తో గుణించండి, బుల్లెట్ పొడుగుతో భాగించండి. వచ్చిన అంకె, అంగుళాల్లో, మీకు కావాల్సిన ట్విస్ట్. ఇప్పటి వేగమైన తూటాలకి 150 బదులు 180 పెడతారు. అంతే. ఈ సూత్రంలో బరువు ఎక్కడుంది?

శ్రోత: లేదు.

లేదు! వ్యాసం ఉంది, పొడుగు ఉంది, బరువు లేదు. సీసం బుల్లెట్లు అనుకుని ఆయన బరువుని ఆ 150లోనే కలిపేశాడు. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో బరువు రాస్తారు, పొడుగు రాయరు. అందరూ బరువు, బరువు అంటారు. నేనూ ఇవాళ ఈ ప్రసంగానికి పోస్టర్‌లో బరువు అనే వేశాను, లేకపోతే మీరు వచ్చేవాళ్లు కాదు. (నవ్వులు)

నా .223 రైఫిల్ కాల్చే బుల్లెట్ల అసలు వ్యాసం .224 అంగుళం. వాటికి ఈ లెక్క వేసి చూద్దాం. 180 పెడితే పైన 9 వస్తుంది, గుర్తుంచుకోవడం తేలిక. 55 గ్రెయిన్ల మామూలు రాగి తొడుగు బుల్లెట్ పొడుగు సుమారు 0.74 అంగుళం. తొమ్మిదిని దాంతో భాగిస్తే 12 వస్తుంది. 69 గ్రెయిన్ల మ్యాచ్ బుల్లెట్, అంటే పోటీల్లో కాల్చేది, 0.9 అంగుళం. పది వస్తుంది. 77 గ్రెయిన్లది దాదాపు అంగుళం. తొమ్మిది. నా రైఫిల్ పన్నెండు. ఆ రోజు నేను ఏం చేశానో ఇప్పుడు అర్థమైందా? ఇంతెందుకు, చిన్న .22 ఎల్ఆర్ (లాంగ్ రైఫిల్) తూటా తీసుకోండి. నెమ్మదైనది కాబట్టి 150 పెట్టండి. 40 గ్రెయిన్ల సీసం గుండు అర అంగుళానికి కాస్త తక్కువ పొడుగు. పదహారు వస్తుంది. ప్రపంచంలో .22 గొట్టాలు ఎక్కువ భాగం 1:16 తోనే వస్తాయి. నూటనలభై ఏళ్లు దాటిన సూత్రం, కాగితం పెన్సిల్ చాలు.

2005లో డాన్ మిల్లర్ అనే ఆయన దీన్ని ఇంకా మెరుగు చేశాడు. ఆయన సూత్రం ట్విస్ట్‌తో పాటు నిలకడ మార్కు కూడా ఇస్తుంది. ఒకటి కన్నా తక్కువ వస్తే బుల్లెట్ పల్టీ కొడుతుంది. ఒకటిన్నర వస్తే నిశ్చింత. మధ్యలో ఉంటే దేవుడి దయ. సూత్రం మొత్తం రాసి మిమ్మల్ని భయపెట్టను కానీ, దాని లోపల ఏముందో చెబుతాను, చాలామందికి ఇదే తలకిందులుగా ఉంటుంది. బరువు పైన ఉంటుంది, లవంలో. అంటే పొడుగు మారకుండా బరువు పెరిగితే నిలకడ పెరుగుతుంది! బరువు మన పక్షమే. పొడుగు కింద ఉంటుంది, అదీ ఇంచుమించు ఘనంలో. పొడుగు పావు వంతు పెరిగితే కింద అంకె దాదాపు రెట్టింపవుతుంది. బరువైన బుల్లెట్‌కి గట్టి మెలిక కావాలనేది ఎందుకంటే, వ్యాసం మార్చలేం కాబట్టి బరువు పెంచాలంటే పొడుగు పెంచడమొక్కటే దారి. తప్పు చేసింది పొడుగు, నింద పడింది బరువు మీద.

దీనికి మంచి రుజువు రాగి బుల్లెట్లు. సీసం సాంద్రత 11.3, రాగిది 8.9. అదే బరువు రావాలంటే రాగి బుల్లెట్ పొడుగ్గా చెయ్యాలి. కాలిఫోర్నియాలో కాండార్ రాబందులు సీసం తిని చచ్చిపోతున్నాయని, వేటకి సీసం తూటాలు వాడకూడదని చట్టం తెచ్చారు. 2019 జూలై 1 నుంచి రాష్ట్రమంతా అమలు. అక్కడ తాతగారి పాత రైఫిల్ పెట్టుకున్నవాడు, ఎప్పుడూ వాడే బరువే కదా అని రాగి పెట్టె కొంటే, నా కాగితంలాంటిదే ఇంటికి తెచ్చుకోవచ్చు. బరువు మారలేదు, పొడుగు మారింది. అలాగే మొండి ముక్కు బుల్లెట్, సూది ముక్కు బుల్లెట్ ఒకే బరువైనా మొండిది పొట్టి. అది పాత గొట్టంలోంచి కూడా బుద్ధిగా వెళ్తుంది.

ఇప్పుడు ఒక వ్యాపారం కథ చెబుతాను. నాకు ఇష్టమైన కథ.

1955. ఒకే ఏడాది రెండు పెద్ద కంపెనీలు ఒకే వ్యాసంలో కొత్త తూటాలు తెచ్చాయి, ఆరు మిల్లీమీటర్లవి. విన్‌చెస్టర్ వాళ్లది .243. రెమింగ్టన్ వాళ్లది .244. రెమింగ్టన్‌ది కాస్త పెద్ద డొక్క, మందు కొంచెం ఎక్కువ పడుతుంది, కాగితం మీద అదే మెరుగు. కానీ రెమింగ్టన్ ఇంజనీర్లు ఏమనుకున్నారంటే, ఇంత సన్న బుల్లెట్‌తో జనం పొలాల్లో బొరియలు తవ్వే చిన్న జంతువుల్నే కొడతారు, దానికి తేలిక బుల్లెట్లు చాలు, తేలికవాటికి వదులు మెలికే శ్రేష్ఠం. 1:12 పెట్టారు. 75, 90 గ్రెయిన్ల తూటాలు అమ్మారు. విన్‌చెస్టర్ వాళ్లు 1:10 పెట్టి 80, 100 అమ్మారు.

ఇప్పుడు మీరు పెన్సిల్వేనియాలో ఒక రైతు అనుకోండి. మీ దగ్గర ఒక రైఫిల్‌కే డబ్బుంది. వేసవిలో పొలంలో పందికొక్కులాంటి ఆ వుడ్‌చక్‌ల పని పట్టాలి, చలికాలంలో జింక వేటకి వెళ్లాలి. ఏది కొంటారు? 100 గ్రెయిన్లు కాల్చేదే కదా. అందరూ .243 కొన్నారు. నిజానికి 90కి 100కి మధ్య జింకకి పెద్ద తేడా తెలిసేది కాదు. అయినా "దానికి వంద పడదట" అనే మాట పడిపోయింది. రెమింగ్టన్ వాళ్లు తర్వాత మెలికని 1:9కి గట్టి చేశారు. అప్పటికే పేరు చెడింది. 1963లో అదే తూటాకి 6 మిల్లీమీటర్ రెమింగ్టన్ అని పేరు మార్చి మళ్లీ అమ్మారు. పిల్లకి పేరు మార్చి సంబంధాలు చూసినట్టు. .243 ఇవాళ ఏ కొట్లోనైనా దొరుకుతుంది. రెండోది అడిగితే కౌంటర్ వాడు కంప్యూటర్ చూడాలి. మూడంగుళాల మెలిక ఖరీదు అది. నన్నడిగితే ఆ ఇంజనీర్లు లెక్కలో తప్పు చెయ్యలేదు. కొనేవాడి మనసు లెక్కలోకి తీసుకోలేదు.

ఇదే కాలంలో సైన్యంలో ఇంకో కథ నడిచింది. యూజీన్ స్టోనర్ అనే తుపాకుల డిజైనర్ బృందం, తర్వాత సైన్యం ఎం16 అని పిలిచిన ఏఆర్15 రైఫిల్ చేసినప్పుడు దాని మెలిక 1:14. 55 గ్రెయిన్ల బుల్లెట్. మిల్లర్ సూత్రంలో పెట్టి చూస్తే మార్కు దాదాపు ఒకటి వస్తుంది. సరిగ్గా గోడ మీద పిల్లి. మామూలు వాతావరణంలో బండి నడిచిపోతుంది. కానీ చలిలో గాలి చిక్కబడుతుంది. గాలి చిక్కబడితే పడదోసే బలం పెరుగుతుంది. గడ్డకట్టే చలిలో ఆ రైఫిల్ గురి చెదిరిపోతోందని తేలింది. అమెరికా వైమానిక దళం అలాస్కాలోనూ పనిచెయ్యాలి కదా. 1963లో రక్షణ మంత్రి రాబర్ట్ మెక్‌నమారా ఆమోదంతో మెలిక 1:12 అయింది.

నేను కూర్చుని ఈ లెక్క వేసుకున్నాను. మైనస్ 50 సెల్సియస్ అనుకుందాం. మామూలు 15 డిగ్రీల గాలితో పోలిస్తే నిలకడ 77 శాతానికి పడిపోతుంది. మెలిక 14 నుంచి 12 చేస్తే, వర్గంలో పెరుగుతుంది కాబట్టి, 136 శాతం అవుతుంది. రెండూ గుణించండి. నూటికి కాస్త పైన వస్తుంది. అంటే ఆ మార్పు వల్ల ఆ ఘోరమైన చలిలో కూడా రైఫిల్ పాతది మామూలు రోజున ఉన్నంత నిలకడగా ఉంటుంది. అంతకన్నా ఎక్కువేం ఇవ్వలేదు. చలికి సరిపడా దుప్పటి కొనిచ్చారు, కాలి వేళ్లు బయటే.

తర్వాత 1980లో నాటో దేశాలు బెల్జియం వాళ్ల ఎస్ఎస్109 బుల్లెట్‌ని ప్రమాణంగా తీసుకున్నాయి. 62 గ్రెయిన్లు. ఏడు గ్రెయిన్లే పెరిగింది, పోనీలే అనుకుంటాం. కానీ లోపల ముక్కు దగ్గర ఉక్కు ముక్క పెట్టారు. ఉక్కు సీసం కన్నా తేలిక, అందుకని బుల్లెట్ 0.9 అంగుళం దాకా సాగింది. 69 గ్రెయిన్ల మ్యాచ్ బుల్లెట్ అంత పొడుగు! పాత 1:12 గొట్టంలో దాని మార్కు 0.85. తప్పదు, పల్టీ. 1:9లో ఒకటిన్నర, హాయిగా సరిపోతుంది. మరి ఎం16ఏ2కి 1:7 ఎందుకు పెట్టారు? ట్రేసర్ కోసం. వెనక మండుతూ దారి చూపించే బుల్లెట్ అది. మండే మందుకి చోటు కావాలి కాబట్టి అంగుళం దాటి పొడుగుంటుంది. బరువు 64 గ్రెయిన్లే. మామూలు దానికన్నా రెండే గ్రెయిన్లు ఎక్కువ, అయినా ఏకంగా ఏడంగుళాల మెలిక అడిగింది. పది మంది ఇంట్లో ఒక పొడుగాయన కోసం గుమ్మాలన్నీ ఎత్తు చేసినట్టు. ఆ గుమ్మాలే ఇవాళ మీరు కొట్లో చూసే చాలా ఏఆర్ గొట్టాల మీద 1/7 అని చెక్కి ఉంటాయి.

అయితే గట్టి మెలిక పెట్టేసుకుంటే పోలేదా అంటారా? సగం నిజం. నేను కొత్తవాళ్లకి చెప్పేది ఏమిటంటే, తగ్గడం కన్నా హెచ్చడం మేలు. మెలిక చాలకపోతే అసలు గురే లేదు. కాస్త ఎక్కువైతే మామూలు మనిషికి తేడా తెలియదు. కానీ ఎక్కువకీ ఖరీదుంది. ఏ బుల్లెట్ తొడుగూ నూటికి నూరు పాళ్లు సమంగా ఉండదు. బరువు కేంద్రం వెంట్రుకవాసి పక్కకి ఉన్నా, గొట్టం దాటగానే ఆ తేడా బుల్లెట్‌ని పక్కకి విసురుతుంది, ఎంత తిరిగితే అంత విసురు. అందుకే బల్ల మీద పెట్టి ఒకే కన్నంలో ఐదు తూటాలు వెయ్యాలని పోటీ పడేవాళ్లు, 6 పీపీసీ లాంటి తూటాలతో, ఇప్పటికీ 1:14కి దగ్గర్లోనే ఉంటారు. వాళ్లు చేతితో ఏరిన పొట్టి బుల్లెట్లు వాడి, సరిగ్గా చాలినంతే తిప్పుతారు.

ఇంకోటి కళ్లారా చూశాను. ఒక మిత్రుడు 1:7 గొట్టంలోంచి పలచటి తొడుగున్న తేలికపాటి బుల్లెట్లు, చాలా వేగంగా కాల్చాడు. టార్గెట్ మీద ఏమీ లేదు. మళ్లీ కాల్చాడు, ఏమీ లేదు. మూడోసారి నేను స్కోపులో చూస్తుంటే, సగం దూరంలో గాల్లో బూడిదరంగు పొగ పఫ్‌మని కనబడింది. బుల్లెట్ తన తిరుగుడుకి తనే చీలిపోయి దుమ్మైపోయింది. లోపలి సీసం ఆవిరిలా చిందింది. మిక్సీ మూత పెట్టకుండా చట్నీ తిప్పినట్టు.

సరే, మీకేం కావాలో చూసుకోవడమెలా? కొత్త గొట్టం మీద చాలావరకు రాసే ఉంటుంది. రాయకపోతే కొలవాలి. ముందు రైఫిల్ ఖాళీ చెయ్యండి, బోల్ట్ తీసెయ్యండి, ఒకసారి కాదు రెండుసార్లు చూడండి, వేలు పెట్టి కూడా చూడండి. ఇక్కడ తొందరపడేవాళ్లతో నేను రేంజ్‌కి వెళ్లను. పిడి తిరిగే క్లీనింగ్ రాడ్‌కి బిగుతుగా గుడ్డ చుట్టి గొట్టంలోకి కొంత తొయ్యండి. రాడ్ మీద పైభాగాన ఒక చుక్క పెట్టండి, గొట్టం అంచు దగ్గర ఇంకో గీత గీయండి. నెమ్మదిగా లాగుతుంటే రాడ్ తిరుగుతుంది. చుక్క మళ్లీ పైకి వచ్చేసరికి రాడ్ ఎన్ని అంగుళాలు బయటికొచ్చిందో అదే మీ ట్విస్ట్. రెండు మూడుసార్లు కొలవండి, గుడ్డ జారితే అంకె తప్పొస్తుంది. తర్వాత బుల్లెట్ పొడుగు. చాలా కంపెనీలు ఈ మధ్య పెట్టె మీద కనీస ట్విస్ట్ రాస్తున్నాయి, అది చాలు. ఆ రోజు నా పెట్టె మీద ఉందో లేదో తెలియదు, నేను చదవలేదు.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

శ్రోత: మన దేశంలో ఈ సమస్య ఉంటుందా సార్?

పోటీల్లో పెద్దగా ఉండదు. అక్కడ క్రీడాకారులు కాల్చేది .22 ఎల్ఆర్, యాభై మీటర్లు. 2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలే కంచు తెచ్చింది దాంతోనే. అందరికీ ఇంచుమించు 40 గ్రెయిన్లే, గొట్టాలు 1:16 చుట్టూనే. బరువు ఎంచుకోవడం లేదు, తలనొప్పీ లేదు. వాళ్ల తలనొప్పి ఏ లాట్ తూటా, అంటే ఏ విడతలో తయారైనది, ఏ గొట్టానికి నప్పుతుందనేది. ఇక 2012 లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ గెలిచిన ఎయిర్ రైఫిల్ గుళ్లు చూడండి, నడుము సన్నగా, వెనక బోలు లంగాలా ఉంటాయి. బరువు ముందు, బోలు వెనక. అంటే ఆ గుండుకి తారాజువ్వ పుల్ల తనలోనే ఉంది. అది మెలిక మీద అంతగా ఆధారపడదు. ఇక్కడ .22కి నెమ్మదిగా వెళ్లే 60 గ్రెయిన్ల తూటా ఒకటి దొరుకుతుంది. 1:16 గొట్టంలో కాల్చి చూడండి, తాళం కన్నాలు మీరే చూస్తారు.

శ్రోత: మా అబ్బాయి రైఫిల్ 1:9 అండీ. 77 గ్రెయిన్లు వాడొచ్చా?

మంచి ప్రశ్న అమ్మా, నిజంగా ఇదే గోడ మీద పిల్లి. లెక్కలో 1.4 వస్తుంది. ఎండాకాలం టెక్సస్‌లో గాలి పలచన, కాల్చుకోమనండి. డెన్వర్ వెళ్తే అక్కడ మైలు ఎత్తు, గాలి ఇంకా పలచన, ఇంకా బాగుంటుంది. మిన్నెసోటాలో జనవరి నెలలో మైనస్ ఇరవైలో అయితే 1.2కి దిగుతుంది. పల్టీ కొట్టదు కానీ కాస్త ఊగుతూ వెళ్తుంది, దూరం పోయేకొద్దీ వేగం ఎక్కువ పోగొట్టుకుంటుంది. ఒకే రకం మెలిక రాసి ఉన్నా గొట్టానికీ గొట్టానికీ కొంచెం తేడా ఉంటుంది. నేనైతే 69తో మొదలుపెట్టమంటాను. 77 కాల్చాలని ముచ్చటపడితే, ముందు పాతిక గజాల దగ్గర కాగితం పెట్టి కన్నం గుండ్రంగా ఉందో లేదో చూడమనండి. కోడిగుడ్డులా ఉంటే ఆపేయాలి.

శ్రోత: ఆ పాత రైఫిల్ అమ్మేశారా?

అమ్మలేదు, అమ్మను కూడా. 52 గ్రెయిన్లు పెడితే అది నాకన్నా బాగా కాలుస్తుంది. వంద గజాల్లో ఐదు తూటాలు రూపాయి బిళ్ల కింద దాగుతాయి. పాపం దాని తప్పేం లేదు, దాని కాలానికి తగ్గట్టు దాన్ని చేశారు. ఆ 77 గ్రెయిన్ల పెట్టెలో ఆ రోజు మిగిలిన పది తూటాలూ ఇంకా అల్మారాలోనే ఉన్నాయి. మీలో ఎవరికైనా 1:8 ఉంటే చెప్పండి, రేంజ్‌కి తెస్తాను. ఆ కాగితం ఎవరి దగ్గర ఆగింది?